కొడుకు కర్వ్‌డ్ మానిటర్ అడిగిండా చెల్లె?

పత్తి పైసలు చేతికి రాంగనే కొడుకు గేమింగ్ మానిటర్ అడిగిండని, అదీ వంపు తిరిగిందే కావాలన్నడని ఫోన్ల చెప్పినవు కద. వాన్ని తిట్టకు చెల్లె. ఆ తెర నిజంగనే బాగుంటది, వాడు ఆశపడుడుల తప్పేం లేదు. కాకపోతే మర్రిగూడ నుంచి సికింద్రాబాద్ దాకా పోయి, పార్క్‌లేన్ల చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి, డబ్బా మీది అంకెలు చూసి పైసలు కట్టేసి వస్తే నా మనసు ఒప్పదు. వాడు ఏమడుగుతున్నడో నీకూ తెల్వాలె.

ముందుగాల వంపు సంగతి. డబ్బా మీద 1500ఆర్ అనో 1000ఆర్ అనో ఉంటది. 1500 మిల్లీమీటర్లంటే మీటరున్నర. మూడు మీటర్ల వెడల్పున్న గుండ్రటి బాయి గోడల నుంచి ఒక ముక్క కోసిన్రనుకో, గంత వంపు. అంకె తగ్గిన కొద్దీ వంపు పెరుగుతది. 34 అంగుళాల వెడల్పు తెరకైతే అంచులు కూడా కంటికి దగ్గరికొస్తయి, ఆట నడుమల కూసున్నట్టే ఉంటది. 24 అంగుళాల దానికి వంపున్నా లేకున్నా పెద్ద తేడా తెల్వదు. గందుకోసం ఎక్కువ పైసలు పెట్టొద్దు.

పెడితే హెర్ట్జ్ మీద పెట్టు. మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తది, అంటే ఒక్కో బొమ్మ 16 మిల్లీసెకన్లకు పైనే నిలుస్తది. 144 హెర్ట్జ్ దాంట్ల 7 మిల్లీసెకన్లకే కొత్త బొమ్మ. దుకాణంల రెండిటినీ పక్కపక్కన పెట్టించి, మౌస్ బాణాన్ని గిరగిర తిప్పమను. 60 మీద ఆ బాణం తెగి తెగి, నాలుగైదు బాణాలు విడివిడిగా ఉన్నట్టు కనబడ్తది. 144 మీద ఆ సందులు సగానికి పైగా తగ్గుతయి. నీ కంటికే తెలుస్తది. 240 తీసుకొమ్మని దుకాణపాయన ఎంత చెప్పినా తొందరపడకు. 60 నుంచి 144కు పోతే దగ్గరదగ్గర 10 మిల్లీసెకన్లు కలిసొస్తయి, అక్కడి నుంచి 240కి పోతే 3 కూడా రావు.

ఇంట్లున్న కంప్యూటర్ సంగతేంది మరి? గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 50 బొమ్మలే గీస్తుంటే 144 తెర ఏం చేస్తది పాపం! ఆట నడుస్తున్నప్పుడు మూలకు, సెకనుకు ఎన్ని బొమ్మలొస్తున్నయో చెప్పే ఎఫ్‌పీఎస్ అంకె పెట్టి చూపియ్యమను వాన్ని. అది తక్కువుంటే ముందు కార్డే మార్చాలె. ఎక్కువ తక్కువ అయితుంటే బొమ్మ నడుమకు చీలినట్టు కనబడ్తది, దానికి ఫ్రీసింక్ గాని జీ-సింక్ గాని ఉన్న మానిటర్ చూసుకోండ్రి.

వంపు తెరలల్ల ఎక్కువ వీఏ అనే రకం ప్యానెల్‌వే ఉంటయి. నలుపు చిక్కగ వస్తది, చూడ ముచ్చటేస్తది. కానీ చౌక వాటిల్ల, చీకటి సీన్ల మనిషి ఉరుకుతుంటే వెనుక మసక మసక తోకొకటి సాగుతది. దుకాణంల ఎప్పుడూ రంగురంగుల వెలుగు వీడియోనే పెడతరు. నువ్వు రాత్రి సీన్ పెట్టుమని అడుగు, మొహమాట పడకు. తెల్ల తెర, నల్ల తెర కూడా వేయించి చుక్కలేమన్న ఉన్నయేమో చూడు.

నాకు బాధనిపించేది ఇంకొకటుంది. గింత పెట్టి తెచ్చినంక, ఎందరి ఇండ్లల్లనో ఆ 144 తెర 60 మీదనే నడుస్తుంటది. విండోస్ సెట్టింగ్స్‌ల డిస్‌ప్లే, దాంట్ల అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేట్ మనమే మార్చాలె. పాత హెచ్‌డీఎంఐ కేబుల్ వద్దు, డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తోనే కలపమను. కరెంటు పోతూ వస్తూ ఉంటే యూపీఎస్ కూడా లెక్కల ఏసుకో.

గ్రాఫిక్స్ కార్డు పేరు కాగితం మీద రాసుకొని, వాన్ని వెంబడి తోలుకరా. మహాత్మా గాంధీ బస్టాండ్ల దిగినంక ఫోన్ చెయ్యి, నేను పార్క్‌లేన్ కాడికొస్త.