నూకాంబికను చూసి నూకాలమ్మ అంటున్నాడు

ప్రశ్న: మేడం గారూ, మా బాబు మూడో తరగతి. కథ చెబితే పొల్లు పోకుండా తిరిగి చెబుతాడు. పుస్తకం తీస్తే మాత్రం చెమటలు పడతాయి. ‘బెల్లం’ అని కూడబలుక్కుని చదివి, కింది వరుసలో అదే మాట వస్తే మళ్లీ ‘బె... ల...’ అని మొదలెడతాడు. మొన్న గుడి దగ్గర ‘నూకాంబిక’ అని రాసి ఉంటే ‘నూకాలమ్మ’ అన్నాడు. వాళ్ల నాన్న బద్ధకమని రోజూ పదేసిసార్లు రాయిస్తున్నారు. చూపు బాగానే ఉందట. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ పదేసిసార్లు రాయించడం ఆపించండి. బాబుది బద్ధకం కాదు. మీ ఉత్తరంలో గుడి సంగతే నాకు ఎక్కువ చెప్పింది. ‘నూకా’ వరకు చదివాడు. అక్కడ అక్షరాలు వదిలేసి, ఊళ్లో అందరి నోటా విన్న అమ్మవారి పేరుతో పూర్తిచేశాడు. చదవడం భారమైన తెలివైన పిల్లలు ఇలాగే నెట్టుకొస్తారు. ఇది డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, కావచ్చు. పరీక్ష చేయించాకే ఖాయంగా చెప్పగలం.

చదువు కంటి పనిలా కనిపిస్తుంది గానీ, అందులో ధ్వనుల పని చాలా ఉంది. ‘బ’కు ఎత్వమిచ్చి ‘బె’ అనుకోవాలి. అది మనసులో ఉండగానే ‘ల’ కింద ఒత్తు చూసి, సున్న చేర్చి, అంతా కలిపి ఒక్క మాటగా వినాలి. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో చాలామందికి మాటను ధ్వనులుగా విడదీయడం, వాటిని పట్టి ఉంచడం, వెంటనే అందుకోవడం కష్టం. చివరికి చేరేసరికి మొదలు జారిపోతుంది. చెవుడు కాదిది. 2013లో బెల్జియంలో డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్ల మెదళ్లను స్కాన్ చేస్తే, ధ్వనుల ముద్రలు లోపల బాగానే ఉన్నాయి, వాటిని అందుకునే దారే బలహీనంగా కనిపించింది.

తెలుగులో చాలావరకు రాసినట్టే పలుకుతాం. అందుకే ఇలాంటి పిల్లల ఇబ్బంది తెలుగులో తప్పులకన్నా నెమ్మదితనంలో ఎక్కువ కనిపించవచ్చు. ఇంగ్లీషుకొచ్చేసరికి తప్పులూ పెరుగుతాయి. అన్నట్టు, ‘భ’ను ‘బ’ అని చదివితే కంగారుపడకండి. మన ఇళ్లలో పెద్దలూ అలాగే పలుకుతారు.

రోజూ పది నిమిషాలు, పుస్తకం లేకుండా, ఆటలా ఆడించండి. ‘గాలి’లో ‘గ’ తీసి ‘జ’ పెట్టమనండి: జాలి. ‘ల’ పెడితే? లాలి. తర్వాత ‘గంప’, ‘కంప’. రెంటికీ తేడా ఎక్కడుందో వాడినే చెప్పనివ్వండి. నోటికొచ్చాక అవే మాటలు పలక మీద రాయండి, మారిన అక్షరం మాత్రం రంగు సుద్దతో. తప్పు చదివితే అరవకుండా ఆ ఒక్క అక్షరం మీద వేలు పెట్టండి.

వినికిడి కూడా ఒకసారి చూపించి, క్లినికల్ సైకాలజిస్టుతో పరీక్ష చేయించండి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడ అడగండి. పేరు చూసి జంకకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బందికీ చోటుంది. నిర్ధారణ కాగితం ఉంటే రేపు పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు.

ప్రశ్న: ‘తారే జమీన్ పర్’ సినిమా చూశాం. అందులో డిస్లెక్సియా ఉన్న బాబుకు కనిపించినట్టు మా పాపకూ అక్షరాలు కదులుతూ కనిపిస్తాయా?

జవాబు: 2007లో ఆ సినిమా ఎన్నో ఇళ్ల కళ్లు తెరిపించింది. కానీ డిస్లెక్సియాకు మూలం అక్షరాలు కదలడం కాదు. తిప్పి రాసినంత మాత్రాన కూడా డిస్లెక్సియా అనుకోనక్కర్లేదు; కొత్తగా నేర్చుకునే పిల్లల్లో చాలామంది కొన్నాళ్లు అక్షరాలు అలా రాస్తారు. పాప ప్రాసమాటలు పట్టగలుగుతోందా, మాటలో మొదటి శబ్దం చెప్పగలుగుతోందా? ఈ రెండూ గమనించి మళ్లీ రాయండి.