పోకర్‌లో కొత్త ఆటలు - షరీఅత్ దృష్టిలో

పోకర్ అనగానే మన యువకులకు తెలిసింది టెక్సాస్ హోల్డెమ్. చేతిలో 2 ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా 5 ముక్కలు. ఇది చాలదన్నట్లు కొందరు ఒమాహా, స్టడ్, రాజ్, బడూగీ వంటి అరుదైన ఆటల వైపు మళ్ళుతున్నారు. "ఇవి అదృష్టం మీద నడిచేవి కావు, లెక్కతో, నైపుణ్యంతో ఆడేవి. వీటిని కూడా జూదమంటారా?" అని అడుగుతున్నారు. అడగటం మంచిదే. ముందు ఆ ఆటలేమిటో చూద్దాం.

ఒమాహాలో ఆటగాడికి 4 ముక్కలిస్తారు. వాటిలో కచ్చితంగా 2, బల్ల మీది 5లో 3 కలిపి కూర్పు చేయాలి. ఏడు ముక్కల స్టడ్‌లో ఉమ్మడి ముక్కలుండవు. ఒక్కొక్కరికి వచ్చే 7లో 4 అందరికీ కనిపిస్తాయి, వాటిని గుర్తుంచుకోవాలి. రాజ్ కూడా అలాంటిదే, కాని తలకిందులు. అందులో అన్నిటికన్నా చిన్న కూర్పే గెలుస్తుంది. బడూగీలో 4 ముక్కలూ వేర్వేరు రంగులవి, వేర్వేరు అంకెలవి, చిన్నవి కావాలి. వీటికి జ్ఞాపకశక్తి, లెక్క అవసరమే. మేము కాదనము.

అయితే ఈ ఆటలకు ఎందుకు వెళ్తున్నారు? హోల్డెమ్ మీద పుస్తకాలు, కంప్యూటర్ లెక్కలు విరివిగా వచ్చాయి. ఎదుటివాడూ చదువుకునే వస్తున్నాడు. అరుదైన ఆటలోనైతే సరిగా తెలియనివాడు ఇంకా దొరుకుతాడు. ఆటగాళ్ళు దాచకుండా చెప్పుకునే కారణమే ఇది! ఒమాహాలో 4 ముక్కలుండటంతో ప్రతివాడికీ తన కూర్పు బాగుందనిపిస్తుంది. ఎక్కువమంది నిలుస్తారు, పందెపు సొమ్ము పెరుగుతుంది. అందులోంచి ఆట నడిపేవాడు తన వాటా తీసుకుంటాడు. కాబట్టి బల్ల చుట్టూ కూర్చున్నవారంతా కలిసి తెచ్చినదానికన్నా తక్కువే తీసుకెళ్తారు. గెలిచినవాడి జేబులో చేరింది మరొకడు తెలియక పోగొట్టుకున్న సొమ్ము.

ఇక నైపుణ్యం సంగతి. బాణం, ఒంటె, గుర్రం - వీటిలో తప్ప పందెపు బహుమతి లేదని దైవప్రవక్త (సల్లం) తెలిపినట్లు అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. గుర్రపు స్వారీలో నైపుణ్యం లేదని ఎవరంటారు? అయినా పోటీదారులిద్దరూ సొమ్ము పెట్టి, గెలిచినవాడు రెండూ తీసుకుంటే అది ఖిమార్ (జూదం) అని అత్యధిక ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) అన్నారు. ఒకరే పెట్టినా, బయటివారు బహుమతిగా ఇచ్చినా సమ్మతించారు. అంటే వారు చూసింది ఆటగాడి తెలివిని కాదు, సొమ్ము ఎవరి నుంచి ఎవరికి, ఏ షరతు మీద పోతోందన్నది.

అజ్ఞానకాలపు అరబ్బుల మైసిర్ కూడా గుర్తుచేసుకోవాలి. ఒంటెను కోసి 10 బాణాలతో పందెం వేసేవారు. 7 బాణాలకు ఒకటి నుంచి ఏడు దాకా వాటాలు, 3 వట్టివి. ఏడు వాటాల బాణం పేరు ముఅల్లా. గెలిచిన మాంసాన్ని పేదలకు పంచటం వారికి గొప్ప. అంత మేలు కనిపించే ఆటనే అల్లాహ్ అల్ మాయిదా సూరా 90వ ఆయత్‌లో నిషేధించాడు. పోకర్ బల్ల దగ్గర ఆ మాంసపు ముక్క కూడా పేదవాడికి దక్కదు.

1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నదని కొందరు చూపుతారు. న్యాయస్థానం ఏది నేరమో చెబుతుంది, ఏది హలాలో చెప్పదు. పైగా 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా సొమ్ము పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

టోర్నమెంటు ప్రవేశ రుసుముల నుంచే బహుమతులిస్తే ఆ రుసుమూ పందెమే. ఇప్పటికే గెలిచిన సొమ్ము ఉన్నవారు, ఓడినవాడెవరో తెలిస్తే అతనికి, అతను లేకపోతే వారసులకు తిరిగి ఇవ్వాలి. తెలియకపోతే పుణ్యఫలం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలి. మొత్తం ఒకేసారి ఇవ్వలేనివారు లెక్క రాసిపెట్టుకుని కొద్దికొద్దిగా తీర్చవచ్చు. అది తీర్చటానికని మళ్ళీ బల్ల దగ్గర కూర్చోరాదు.