బిల్లు ఇచ్చే గంజాయి దుకాణం

మన ట్రస్టు ఉపకారవేతనంతో చదివి, ఇప్పుడు అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఎం.ఎస్. చేస్తున్న కుర్రాడు ఒకడు సెలవులకు బరంపురం వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు. మాటల్లో అక్కడి గంజాయి దుకాణాల సంగతి వచ్చింది. "దొంగచాటు వ్యాపారం కాదు తాతగారూ. లైసెన్సు ఉంటుంది, బిల్లు ఇస్తారు, పన్ను కడతారు. ఇంక తప్పేముంది?" అన్నాడు.

ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకు కౌంటరులో కూర్చున్నవాణ్ణి. ఏ కాగితం చూసినా దాని మీద సంతకం ఎవరిది, ఆ సంతకం ఎంతవరకు చెల్లుతుంది అని చూడడం నా అలవాటు. అందుకని ఈ విషయం కాస్త చదివాను. విదేశాలకు వెళ్ళబోయే విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

కొలరాడోలో 2012 నవంబరులో ప్రజలు ఓటు వేసి, 21 ఏళ్ళు నిండినవారికి గంజాయి అమ్మడానికి రాజ్యాంగ సవరణ ద్వారా అనుమతి ఇచ్చుకున్నారు. 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. అయితే ఆ సవరణలోనే ఒక మెలిక ఉంది. మా ఊళ్ళో అమ్మకం వద్దు అనే హక్కు ప్రతి పట్టణానికీ, ప్రతి కౌంటీకీ ఇచ్చారు. మన దగ్గర మద్యం దుకాణానికి లైసెన్సు రాష్ట్ర ఎక్సైజు శాఖ ఇస్తుంది. అక్కడ గంజాయి దుకాణానికి రాష్ట్రం లైసెన్సూ కావాలి, ఊరి అనుమతీ కావాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే తలుపు తెరవకూడదు.

దీనివల్ల జరిగిన ఒక తమాషా చెప్పాలి. డెన్వర్ మొదటి రోజు నుంచే అమ్మింది. దానికి దక్షిణాన ఉన్న కొలరాడో స్ప్రింగ్స్ పెద్ద నగరం. అక్కడి నగర కౌన్సిలు 2013లో వద్దంది. పక్కనే మానిటౌ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరు ఉంది, జనాభా అయిదు వేలకు అటూ ఇటూ. అది సరేనంది. పెద్ద నగరం వాళ్ళు కారెక్కి చిన్న ఊరికి వెళ్ళి కొనుక్కోవడం మొదలుపెట్టారు. సరుకు వాడేది వీళ్ళు, పన్ను దక్కింది వాళ్ళకు! కొలరాడో స్ప్రింగ్స్ ఓటర్లు 2022లో కూడా వద్దన్నారు, చివరకు 2024 నవంబరులో ఒప్పుకున్నారు. 2025 ఏప్రిల్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. రాష్ట్రం ఈ సరుకు మీద 15 శాతం ప్రత్యేక అమ్మకం పన్ను వేస్తుంది. అందులో కొంత వాటా, అమ్మకానికి ఒప్పుకున్న ఊళ్ళకే వెళుతుంది. పైగా ఊరు తన సొంత పన్ను కూడా వేసుకోవచ్చు. బడ్జెటు ఎలా మనసు మారుస్తుందో కామర్స్ విద్యార్థులు గమనించాలి.

దుకాణం ఎక్కడ పెట్టాలన్నదీ ఊరే నిర్ణయిస్తుంది. డెన్వర్‌లో బడికి వెయ్యి అడుగుల లోపల కుదరదు. తినే సరుకుల కొలతలు రాష్ట్రం పెట్టింది. మత్తు పదార్థం ఒక్కో ముక్కలో 10 మిల్లీగ్రాములు, ప్యాకెట్టు మొత్తంలో 100 మిల్లీగ్రాములు మించకూడదు. జంతువులు, మనుషులు, పండ్ల ఆకారాల్లో జెల్లీలు చేయడం 2017 అక్టోబరు నుంచి నిషిద్ధం. మామూలు మిఠాయి అనుకుని పసిపిల్లలు తింటారని ఆ జాగ్రత్త.

ఇంత పకడ్బందీగా ఉన్న వ్యాపారం బ్యాంకుకు వస్తే ఏమవుతుంది? నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన సంగతి ఇదే. అమెరికా కేంద్ర ప్రభుత్వపు 1970 నాటి చట్టం గంజాయిని నియంత్రిత పదార్థాల పట్టికలో పెట్టింది. బ్యాంకులు కేంద్ర చట్టానికి లోబడినవి. 2014లో వచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి ఖాతా తెరిచిన బ్యాంకు అనుమానాస్పద లావాదేవీల నివేదికలు పంపుతూ ఉండాలి. ఆ బెడద ఎందుకని చాలా బ్యాంకులు ఖాతాలే ఇవ్వలేదు. లైసెన్సున్న వ్యాపారులు పన్ను డబ్బును సంచుల్లో నోట్లుగా మోసుకెళ్ళి కట్టారు. మా కౌంటరులో ఒక పెద్ద సంచి వస్తేనే ఆ పూటంతా లెక్క తేలేది కాదు. ఇంకో చిక్కు, ఆ పట్టికలో మొదటి రెండు షెడ్యూళ్ళ సరుకు అమ్మేవారికి అద్దె, జీతాలు ఖర్చుగా చూపుకునే వీలు ఆదాయపు పన్నులో లేకుండా 1982లోనే చేశారు. 2024లో గంజాయిని మూడో షెడ్యూలుకు దించే ప్రతిపాదన వచ్చింది. దించినా అది నియంత్రిత పదార్థమే.

మన కుర్రాడి బిల్లు సంగతి ఇక్కడే తేలుతుంది. ఆ బిల్లు మీద ఉన్నది ఊరి మాట, రాష్ట్రం మాట. వీసా ఇచ్చేది కేంద్రం. వలస చట్టం చూసేది కేంద్ర చట్టాన్నే. 30 గ్రాముల లోపు, సొంతానికి, ఒక్కసారి దొరికిన కేసుకు దేశం నుంచి పంపించే విషయంలో మినహాయింపు ఉంది. కానీ సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు ఆ కేసు అడ్డుపడవచ్చు. కేసు లేకపోయినా, శిక్ష పడకపోయినా, అధికారి ముందు వాడానని ఒప్పుకుంటే అదే ప్రవేశం నిరాకరించడానికి కారణం కావచ్చు. అబద్ధం చెబితే అది వేరే నేరం. ఆ దుకాణంలో ఉద్యోగం కూడా ప్రమాదమే. రాష్ట్రం లైసెన్సున్నా సరే, ఇందులో పనిచేయడం పౌరసత్వం దరఖాస్తుకు అడ్డు కావచ్చని 2019 ఏప్రిల్‌లో వలస శాఖ స్పష్టంగా చెప్పింది. లెక్కలు రాసే పనే కదా అనుకునే బి.కామ్. పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. కేంద్ర నిధులు తీసుకునే విశ్వవిద్యాలయాల ఆవరణలోనూ గంజాయి నిషిద్ధం. ఇప్పటికే ఇలాంటి చిక్కులో పడ్డవారు విమానం టికెట్టు కొనకముందే వలస చట్టం తెలిసిన లాయరును కలవాలి.

ఇదంతా చెబితే కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా రూమ్మేటు ఇంటికి ఆ జెల్లీలు తీసుకెళ్తానంటున్నాడు తాతగారూ, అక్కడి సీలు ఉంది కదా అని" అన్నాడు. వెంటనే ఫోను చేసి వద్దని చెప్పమన్నాను. మన 1985 నాటి మత్తుమందుల చట్టం ఆకును, గింజను మాత్రమే వదిలింది, అదీ పూత కలవనప్పుడే. ఆ సందు వల్లే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. పూతతో, దాని బంకతో చేసిన సరుకు ఏ రూపంలో ఉన్నా నేరమే. కొద్దిపాటి గంజాయి దగ్గర ఉన్నా ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. విదేశం నుంచి తేవడం దిగుమతి నేరం కూడా అవుతుంది. కస్టమ్స్ వారి ముందు కొలరాడో సీలు చూపించి లాభం లేదు.