సైకిళ్లపై గుడారములు మోసిన సైనికులు

వేసవి సెలవులలో పొరుగూరికి సైకిలుపై పోయివచ్చి, ఆ సంగతి మాసముదినములు చెప్పుకొను బాలురు మన పాఠశాలయందు కొందఱు గలరు. ముఖ్యముగా వారికొరకే యీ వ్యాసము.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మాంటానా పర్వతప్రాంతమున, మిసూలా కోటయందు, 1896లో 25వ పదాతి పటాలము విడిసియుండెను. సిపాయిలందఱును నల్లజాతివారు, అధికారులు తెల్లవారు. గుఱ్ఱమునకు మేతయు నీరును కావలెను, సైకిలునకు అవి యక్కఱలేదు గదా, దండునకు సైకిలే మేలు కాదా యని జేమ్సు మాస్ అను లెఫ్టినెంటునకు తోచెను. ఇది వాదముచే తేలునది కాదు. కావున నాతడు ఆగస్టు మాసమున ఎనమండుగురు సిపాయిలతో బయలుదేఱి, మిషన్ పర్వతముల చెంత నున్న మెక్‌డొనాల్డు సరస్సునకు పోయివచ్చెను. రానుపోను 126 మైళ్లు.

వారు మూటలు కట్టిన విధము గమనింపదగినది. కంబళిని, గుడారపు గుడ్డను చుట్టగా చుట్టి ముందరి పిడికి కట్టిరి. చట్రము నడుమ ఖాళీలో పెట్టె యమర్చి, అందు ఆహారపదార్థములు పెట్టిరి. గుడారము పూర్తిగా నొక్కడు మోయడు; ఒక్కొక్కనివద్ద సగమే యుండును. రాత్రి ఇరువురు తమ సగములను గుండీలతో కలిపినచో నొక గుడారమగును. జతగాని విడిచి ముందుకు పరుగెత్తినవానికి సగము కప్పే గతి!

త్రోవలో వాన కురిసెను. శ్రావణమాసమున మన నల్లరేగడి బాటలపై సైకిలు నడిపినవారికి ఆ కష్టము వేఱుగ చెప్పనేల? బురద చక్రమునకును చట్రమునకును నడుమ పేరుకొనగా చక్రము తిరుగనే తిరుగదు. లోతైన వాగులయొద్ద సైకిలును కఱ్ఱకు వ్రేలాడదీసి, ఇరువురు భుజములపై మోసికొనిపోయిరి.

కొండ యెక్కునపుడు శ్రమ యేల హెచ్చును? సమతలమున బరువును నేల భరించును. మనము ఘర్షణమును, గాలిని గెలిచిన చాలును. ఎక్కుడునందో, మన దేహమును, సైకిలును, మూటను అన్నిటిని పైకెత్తవలెను. మఱుసటి సంవత్సరపు యాత్రలో మూటతోకూడ నొక్కొక్క సైకిలు సుమారు 59 పౌనులు తూగెను. నేటివలె గేర్లు మార్చు సాధనము లేదు. దిగి నెట్టుటయే యుపాయము.

ఆ ఆగస్టులోనే వారు మఱల బయలుదేఱి ఎల్లోస్టోన్ వనమునకును పోయివచ్చిరి. చెక్క చక్రములు చాలవని గ్రహించి, 1897లో ఉక్కు చక్రములు గల సైకిళ్లు తెప్పించిరి. జూన్ 14న ఇరువదిమంది సిపాయిలు బయలుదేఱి, 1,900 మైళ్ల దూరమున నున్న సెయింట్ లూయీ నగరమును 41 దినములలో చేరిరి. పర్వతశిఖరములపై మంచు; నెబ్రాస్కాలో ఇసుక దిబ్బలు, చవుడు నీరు. ఆ నీరు త్రాగి పలువురు జబ్బుపడిరి. ఇసుకలో చక్రములు దిగబడగా, రైలుకట్టపై దూలముల మీదుగ కుదుపులతో సాగిరి.

1898లో స్పెయినుతో యుద్ధము వచ్చి పటాలము క్యూబాకు పోయెను. సైకిలు దళము మఱల లేవలేదు. ఈ యాత్రలో సార్జెంటుగా నున్న మింగో సాండర్సు ఇరువదియేండ్లకు మించి కొలువు చేసినవాడు. 1906లో బ్రౌన్స్‌విల్ పట్టణమున జరిగిన కాల్పుల నేరము ఆ పటాలముపై మోపి, విచారణ లేకయే 167 మందిని అధ్యక్షుడు రూజ్‌వెల్టు కొలువునుండి తొలగించెను. సాండర్సు వారిలో నొకడు. 1972లో ప్రభుత్వము ఆ యుత్తరువును రద్దు చేసెను. అప్పటికి సాండర్సు జీవించి లేడు.