చెప్పినవాళ్లకు జవాబు చెప్పు



టీమ్ లీడ్ అయ్యావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. మీటింగుల్లో మీవాళ్లెవరూ నోరు విప్పడం లేదని, కెమెరాలు ఆపేసి కూర్చుంటున్నారని దిగులుపడుతున్నావట. ఆ పిల్లలకు పనిమీద శ్రద్ధ లేదని మాత్రం అనుకోకమ్మా.

ఎందుకో చెబుతాను విను. నేను రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఉన్నప్పుడు, 1980లో, దేశంలోనే మొదటి క్వాలిటీ సర్కిళ్లు అక్కడ మొదలయ్యాయి. జపాన్‌లో 1962 నుంచి ఉన్న పద్ధతి అది. ఒకే చోట పనిచేసేవాళ్లలో ఇష్టమున్నవాళ్లు, పది మంది లోపో కొంచెం అటూఇటూనో, వారానికో గంట కూర్చుంటారు. ఏ సమస్య తీసుకోవాలో పైవాళ్లు చెప్పరు, వాళ్లే ఎంచుకుంటారు. ఇషికావా చిత్రమనే చేపముల్లు బొమ్మ గీసి, లోపం యంత్రంలో ఉందా, ముడిసరుకులో ఉందా, పని పద్ధతిలో ఉందా అని ఒక్కో ముల్లు మీదా రాసుకుంటూ పోతారు. తేలిన పరిష్కారాన్ని మేనేజిమెంటుకు తామే వివరిస్తారు. అసలు కీలకం ఆ తర్వాతే. ఒప్పుకుంటే ఎప్పుడు అమలుచేస్తారో, ఒప్పుకోకపోతే ఎందుకో పైవాళ్లు చెప్పాలి. ఎప్పుడూ పెదవి కదపని మనిషి కూడా ఆ జవాబు కోసం ఎదురుచూస్తాడు. జవాబు రాకపోతే మాత్రం ఎంత మంచి సర్కిలైనా పేరుకే మిగులుతుంది.

ఇక మీ రోజువారీ స్టాండప్ మీటింగు సంగతికొస్తాను. స్క్రమ్ పద్ధతి నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ దానికిచ్చింది 15 నిమిషాలే. అదీ పనిచేసేవాళ్లు ఆ రోజు పనిని తమలో తాము సర్దుకోవడానికి. నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, అడ్డేమిటి అన్న మూడు ప్రశ్నల్ని 2020 కూర్పులో తీసేశారు కూడా. అందరూ నీకే లెక్క అప్పజెబుతున్నారంటే అది హాజరుపట్టీ అయిపోయినట్టే. కొన్నాళ్లు నువ్వు ఆఖర్న మాట్లాడి చూడు. ఎవరైనా అడ్డంకి చెబితే ఎవరు ఎప్పటిలోగా చూస్తారో అక్కడే రాయించు. మర్నాడు ఆ ముక్కతోనే మొదలుపెట్టు. నీ చేతిలో లేనిదైతే లేదని చెప్పేయ్, నాన్చకు.

అమెరికా క్లయింటుతో ఉండే రాత్రి కాల్ గురించి కూడా ఆలోచించు. నవంబరులో అమెరికావాళ్లు గడియారం మార్చగానే న్యూయార్క్ ఉదయం పది గంటల మీటింగు మనకు రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నరకు జరుగుతుంది. మీ టీములోని పసిబిడ్డ తల్లికి అది అన్నం పెట్టి నిద్రపుచ్చే వేళ. ఆమె మ్యూట్‌లో ఉంటే తప్పుపట్టకు. పనున్న ఇద్దరినే పిలిచి, మిగతావాళ్లకు పొద్దున్నే నోట్సు పంపు. చలికాలమంతా వాళ్ల ఉదయం ఎనిమిదింటికే పెట్టుకుందామని క్లయింటును అడుగు, మనకు సాయంత్రం ఆరున్నరకే మొదలవుతుంది. మొహమాటపడకు, నీ టీము తరఫున అడగాల్సింది నువ్వే.

క్లయింటు ఏమన్నాడో నాకు రాయి.

మీ మామయ్య