పాత బొమ్మ చెప్పించే కథలు

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే తెలుగు ఇళ్లలో ఏటా ఒక్క కొత్త బొమ్మైనా చేర్చే ఆనవాయితీ ఉంది. భోగి నాడు బేసి సంఖ్యలో మెట్లు అమర్చి, బొమ్మలు తీర్చి, పేరంటాళ్లను పిలిచి హారతి ఇస్తారు. కొత్త బొమ్మ ముచ్చట ఆ మూడు నాలుగు రోజులే. ట్రంకు పెట్టె తెరవగానే పెద్దవాళ్ల చేతులు వెతికేది పాతదాన్ని: అమ్మమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అంబారీ ఏనుగునో, ఒక చక్రం పోయిన ఎడ్లబండినో. అంగట్లో దానికి విలువ ఉండదు, పారేయమంటే మాత్రం ఇంట్లో గొడవే.

ఆ బొమ్మ చాలాసార్లు కొండపల్లిదై ఉంటుంది. తేలికైన తెల్ల పొణికి చెక్కతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు. అతుకుల బొమ్మ కనుక ఏదో ఒక ఏడు చెయ్యి ఊడక తప్పదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్క పూసే బొమ్మలు అంతకన్నా గట్టివి. కానీ కథకు పనికొచ్చేది ఊడిన చెయ్యే. ఎవరు పడేశారు, ఎవరి వీపు మోగింది, ఎవరు చాటుగా మైదా జిగురుతో అంటించారు అన్న సంగతులు ఆ అతుకును చూడగానే బయటికొస్తాయి. అప్పుడు దెబ్బలు తిన్న పిల్లవాడే ఇప్పుడు బట్టతల మేనమామ అని తెలిసి ఇంట్లోని పిల్లలు విరగబడి నవ్వుతారు.

పసిపిల్లలు ఒక గుడ్డనో బొమ్మనో వదలకుండా పట్టుకు తిరగడం మీద బ్రిటిష్ శిశువైద్యుడు డొనాల్డ్ విన్నికాట్ 1951లో ఒక సిద్ధాంతం చెప్పాడు. తల్లి దగ్గర లేనప్పుడు కూడా ఆమె ఇచ్చే ధీమా ఆ వస్తువులో బిడ్డకు దొరుకుతుందని దాని సారం. పండగ బొమ్మ తీరు వేరు. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు, రోజూ చేతికి రాదు. ఏడాదికోసారి అందరూ ఒకచోట చేరినప్పుడే కనిపిస్తుంది కాబట్టి దాని చుట్టూ మాట పుడుతుంది. నాఫ్తలిన్ ఉండల వాసన కొట్టే ఆ పెట్టె కన్నా హాలులోని అద్దాల బీరువా మేలనుకోవడం పొరపాటు. రోజూ కంటి ముందుండే బొమ్మ గురించి ఎవరూ ఏమీ అడగరు.

బొమ్మ చుట్టూ పుట్టే ఆ మాటే పిల్లల వ్యక్తిత్వానికి బలం. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ పిల్లలను కుటుంబం గురించి 20 ప్రశ్నలు అడిగారు. తాతయ్య, నానమ్మ ఎక్కడ పెరిగారు, అమ్మానాన్నలకు పరిచయం ఎలా అయింది వంటివి అవి. వీటికి ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతిలో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. ఇది చదివి ఎక్కాల్లా జవాబులు బట్టీ పట్టిస్తే ఒరిగేది లేదు. అవి చెప్పుకునే ఇంట్లో మాటా మంతీ ఉంటుంది, మేలు చేసేది అదే.

మంచి మాత్రమే ఏరి చెప్పే ఇంటి కథ పిల్లలకు కొరగాదు. పంట పోయి కొత్త బొమ్మ కొనలేని ఏడు, ఇంట్లో మనిషి పోయి కొలువే పెట్టని ఏడు కూడా చెప్పాలి. మరుసటి ఏడు మళ్లీ మెట్లు ఎలా కట్టారో కూడా చెప్పాలి. కష్టం వస్తుందనీ, ఇల్లు దాన్ని దాటుతుందనీ పిల్లలకు అలాగే తెలుస్తుంది. "మా రోజుల్లో అయితే" అని మొదలై ఉపన్యాసంగా మారే జ్ఞాపకం మాత్రం వాళ్లను సెల్‌ఫోన్ వైపు తరుముతుంది.

ఒకే బొమ్మ మీద అక్కది ఒక కథ, తమ్ముడిది మరో కథ కావడం మామూలే. జ్ఞాపకం దాచిన చోటి నుంచి ఉన్నదున్నట్టు రాదు, తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొత్తగా అల్లుతుందని మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే తన 'రిమెంబరింగ్' గ్రంథంలో చూపాడు. కనుక తీర్పు చెప్పే పని పెట్టుకోకుండా రెండు కథలూ విననివ్వడమే తెలివి.

పెద్దవాళ్లు పోయాక బొమ్మ మిగులుతుంది గాని దాని సంగతి తెలిసినవాళ్లు మిగలరు. అన్నదమ్ములు ఊళ్లు, దేశాలు మారినప్పుడు బొమ్మ ఒక్కరికే వెళ్తుంది, కథ అందరికీ వెళ్లవచ్చు. పెద్దవాళ్లు బొమ్మను చేతిలోకి తీసుకుని చెబుతుండగా ఫోన్‌లో రికార్డు చేసి పెట్టాలి. కొన్నదెవరు, ఏ ఊళ్లో, ఏ ఏడు అన్నది ఒక చీటీ మీద రాయాలి. రంగు పెచ్చులూడకుండా ఉండాలంటే ఆ చీటీని బొమ్మకు కాక పెట్టె మూత లోపలి వైపు అంటించాలి.