చింతగింజలూ సెల్‌ఫోనూ

పిల్లలు ఫోన్ వదలడం లేదని ఇంటింటా గోలే. వదలమని పోరడం మాని, ఆ ఫోన్‌కే ఒక మంచి పని అప్పగిద్దాం.

2014లో ప్రొ కబడ్డీ మొదలయ్యాక మన చెడుగుడు టీవీలోకీ ఫోన్లలోకీ వచ్చింది. ముప్పై సెకన్ల కూతలో ఎంత తెలివి, ఎంత తెగువ ఉన్నాయో పట్నం పిల్లలూ చూశారు. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచకప్ జరిగితే పురుషుల్లోనూ మహిళల్లోనూ మనవాళ్ళే గెలిచారు. మరి వామనగుంటల మాటేమిటి? బిళ్ళంగోడు సంగతేమిటి? వాటికి లీగుల్లేవు, స్పాన్సర్లు రారు. వాటికి ఫోన్ చేతపట్టిన మీరే దిక్కు.

మొన్న వేసవిలో మా పెద్దమ్మ వామనగుంటలు ఆడుతుంటే వీడియో తీశాను. ముఖం కాదు, చేతులే. పీట మీద అటు ఏడు గుంటలు, ఇటు ఏడు. గుంటకి ఐదేసి చొప్పున డెబ్బై చింతగింజలు. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోయింది. చేతిలోవి అయిపోయి, ఆ పక్క గుంట ఖాళీగా ఉంటే దాన్ని వేళ్ళతో ఒక్కసారి తుడిచి, దాని తర్వాతి గుంటలోవన్నీ ఊడ్చేసుకుంది. ఆ తుడవడం ఎంత వివరించి రాసినా నాకు అర్థమయ్యేది కాదు. ఏ గుంటలో మొదలుపెడితే చెయ్యి ఎక్కడ ఆగుతుందో ఆవిడకు ముందే తెలుసు. గింజలు లెక్కపెట్టడం నేనొక్కసారీ చూడలేదు!

మీరూ తీయండి. నియమాలు చెప్పమంటే పెద్దవాళ్ళకి వెంటనే తట్టవు. 'తొండి అని ఎప్పుడంటారు?' అని అడగండి, అన్నీ బయటికొస్తాయి. మీ ఊళ్ళో ఆ ఆటను ఏమంటారో కూడా అడగండి. ఒకచోట బిళ్ళంగోడు, ఇంకోచోట చిర్రాగోనె. ఆట పోతే ఆ మాటలూ పోతాయి. వీడియో నలుగురికీ పెట్టేముందు వాళ్ళ అనుమతి తీసుకుని, కింద ఊరి పేరు, జిల్లా పేరు రాయండి. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే బెరుకుపడే కుర్రాడు ఇలా నలుగురు పెద్దల దగ్గర కూర్చుంటే, అడగడమూ ఓపికగా వినడమూ వాటంతటవే అలవడతాయి. ఏ శిక్షణ తరగతిలోనూ ఇంత బాగా రాదని నా నమ్మకం.

చెడుగుడు ఆడేవాళ్ళయితే మీ కూతను స్లో మోషన్‌లో తీయించుకోండి. కాలు ఎక్కడ తడబడిందో, ఎవరి చేతికి ఎందుకు దొరికారో కళ్ళకు కడుతుంది.

వీడియోని ఎంతమంది చూశారన్నది పట్టించుకోవద్దు. చూసి ఎంతమంది ఆడారో అడగండి. ఫోన్‌లో వామనగుంటలు నొక్కితే లెక్క వస్తుందేమో గానీ, గింజ వేళ్ళ సందునుంచి జారే తీరు రాదు. అందుకే వీడియోతో ఆపకండి. వాట్సాప్‌లో పిలిచి పదిమందిని పోగుచేయండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టుకుని, డెబ్బై చింతగింజలు ఏరుకుని, మీ వీధిలోని పెద్దావిడ ఇంటి తలుపు తట్టండి.